పెహచాన్ వేరు, ఇజాజత్ వేరు

న్యూస్ డెస్క్‌లో మాకు కొన్ని రెడీమేడ్ హెడ్డింగులు ఉంటాయి. ‘సర్వర్లలోకి చొరబడ్డ హ్యాకర్లు’ వాటిలో ఒకటి. నేనే ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. ఆ హెడ్డింగ్ చదివితే ఎవరో మహా తెలివైన దొంగ రాత్రికి రాత్రి గోడకు కన్నం వేసినట్టు అనిపిస్తుంది. కథ లోపలికి వెళితే చాలాసార్లు కన్నం ఉండదు, దర్వాజా ఉంటుంది. దానికి తాళం వేసిన వాడొకడు, చాబీ ఎక్కడుందో తెలిసిన వాడొకడు, ఆ తాళం సరిగ్గా పడిందా లేదా చూడాల్సిన జిమ్మేదారీ మాత్రం ఎవరిదీ కాదు.

ఈసారి సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నానంటే ఆశ్చర్యపోకండి. ఉర్దూ మీడియంలో హిసాబ్ నేర్చుకుని, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇదేం పని అని మా ఇంట్లోనే అడిగారు. ఇప్పుడు మన ఖాందాన్‌లలో ఇంటికి ఒకరైనా జావా అంటున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కోర్సు చేసిన పిల్లలు దుబాయ్, రియాద్, డాలస్ దాకా ఉన్నారు. రిష్తా మాట్లాడేటప్పుడు ‘లడ్కా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు’ అంటే చాలు, ఏం చేస్తాడని ఎవరూ అడగరు. ఆ ‘ఏం చేస్తాడు’లో ఒక ముక్క గురించి ఇవాళ నా అభిప్రాయం చెబుతాను. అప్లికేషన్ సర్వర్లో హిఫాజత్ ఏర్పాట్లు ఒక్కో ప్రోగ్రామ్ లోపల కుట్టేసి ఉండకూడదు. విడిగా, ముక్కలు ముక్కలుగా, విప్పి మార్చుకునేలా ఉండాలి. ఇంజినీర్లు దీన్ని మాడ్యులర్ అంటారు. ఇది వాళ్ల సౌకర్యం కోసం పెట్టుకున్న ఫ్యాషన్ అనుకునేవాళ్లున్నారు. నేను అలా అనుకోను.

ముందు అప్లికేషన్ సర్వర్ అంటే ఏమిటో. షాదీఖానా తెలుసు కదా. హాలు, వంటశాల, జనరేటర్, నీళ్లు, గేటు, పార్కింగ్ అన్నీ షాదీఖానావే. మీరు తెచ్చేది మీ దావత్ మాత్రమే. రేపు ఇంకొకరి వలీమా, ఎల్లుండి మరొకరి మీటింగ్. అప్లికేషన్ సర్వర్ అలాంటి హాలు. ఆస్పత్రి రికార్డుల ప్రోగ్రామ్, బ్యాంకు ప్రోగ్రామ్, కాలేజీ ఫీజుల ప్రోగ్రామ్ దాని లోపలికి వచ్చి నడుస్తాయి. టామ్‌క్యాట్, వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్, జేబాస్ అని మన పిల్లల రెజ్యూమేల్లో కనిపించే పేర్లు ఈ జాతివే. (టామ్‌క్యాట్ పూర్తి స్థాయి అప్లికేషన్ సర్వర్ కాదని కొందరు పట్టుబడతారు. ఆ బహస్ ఇక్కడొద్దు.)

ఇప్పుడు సవాల్ ఇది. గేటు దగ్గర దర్బాన్‌ను ఎవరు పెట్టాలి? హాలువాళ్లా, దావత్ ఇచ్చేవాళ్లా?

చాలా ఏళ్లు జవాబు ‘ఇద్దరూ’ అన్నట్టు నడిచింది. ఇద్దరూ అంటే ఏమవుతుందో మన ఇళ్లలో తెలుసు. ప్రతి ప్రోగ్రామ్‌తోపాటు వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఒక ఫైలు వస్తుంది. ఏ పేజీ ఎవరు చూడొచ్చు అన్న షరతులు అందులో రాస్తారు. మనుషుల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఇంకెక్కడో ఉంటాయి. ఒక సర్వర్ మీద పది ప్రోగ్రామ్‌లుంటే పది ఫైళ్లు, పది చేతిరాతలు. ఒకరు రాసిన ఫైలును ఇంకొకరు కాపీ కొడతారు. అందులో గల్తీ ఉంటే అది కూడా కాపీ అవుతుంది.

దీనికి జేబాస్ కథకు మించిన మిసాల్ నాకు కనిపించలేదు. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

జేబాస్ ఉచితంగా దొరికే అప్లికేషన్ సర్వర్. 2006లో రెడ్ హ్యాట్ కంపెనీ దాన్ని కొన్నది. అందులో జేఎంఎక్స్ కన్సోల్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ సర్వర్‌తో పాటే వచ్చేది. సర్వర్‌ను లోపలి నుంచి నడిపించే కంట్రోల్ రూమ్ లాంటిది. అక్కడికి చేరినవాడు కొత్త ప్రోగ్రామ్‌ను కూడా సర్వర్లోకి ఎక్కించగలడు. పాత ఉచిత వెర్షన్లలో దీనికి తాళమే లేదు. తాళం పెట్టే పంక్తులు ఫైల్లో ఉండేవి కానీ పని చేయకుండా కామెంట్‌గా పెట్టి ఉండేవి. కావాలంటే మీరే తీసి వాడుకోండి అన్నమాట. డబ్బు కట్టి తీసుకునే వెర్షన్లో తాళం వేసి ఇచ్చారు. అసలు తమాషా ఈ తాళంలోనే ఉంది.

బ్రౌజర్ సర్వర్‌ను అడిగే తీరులు కొన్ని ఉంటాయి. ఏదైనా చూపించు అంటే గెట్, ఏదైనా తీసుకో అంటే పోస్ట్. ఇంకొకటి హెడ్. అది ‘వస్తువు ఇవ్వక్కర్లేదు, దాని మీద చీటీ మాత్రం చూపించు’ అన్నట్టు. తాళం రాసినవారు ఫైల్లో గెట్, పోస్ట్ అని రెండు పేర్లు వేశారు. ఈ రెండు దారుల్లో వచ్చేవాళ్లను ఆపు అని. ఆ ఫైలు కానూన్ ప్రకారం పేర్లు వేస్తే ఆ పేర్లకే షరతు వర్తిస్తుంది. అసలు పేర్లే వేయకపోతే అన్నిటికీ వర్తిస్తుంది. అంటే దర్బాన్‌తో ‘కారులో వచ్చేవాళ్లనూ బైకు మీద వచ్చేవాళ్లనూ ఆపు’ అని చెప్పారు. నడిచి వచ్చేవాడిని అతను సలాం కొట్టి లోపలికి పంపాడు. హెడ్ అని అడిగితే సర్వర్ లోపల గెట్ పనే చేసి, జవాబు మాత్రం పంపకుండా ఊరుకుంటుంది. దొంగకు జవాబుతో పనేముంది? పని జరిగితే చాలు.

2010 ఏప్రిల్‌లో ఈ లోపానికి నంబర్ ఇచ్చి, మరమ్మతు విడుదల చేశారు. సీవీఈ-2010-0738. చేతితో సరిచేయాలన్నా అదనంగా రాయాల్సింది ఏమీ లేదు. ఆ రెండు పేర్ల పంక్తులు తీసేస్తే సరిపోయేది. ఎక్కువ జాగ్రత్త తీసుకోబోయి రాసిన పంక్తులే కన్నంగా మారాయన్నమాట.

నన్ను ఆపేసింది అది కాదు. అదే సమయంలో ఇంకొక నంబర్ వచ్చింది, సీవీఈ-2010-1428. అది వెబ్ కన్సోల్ అనే వేరే ప్రోగ్రామ్‌లో. గల్తీ మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే. గెట్, పోస్ట్ రెండిటికే తాళం. ఒకే హాల్లో రెండు గదులు, రెండు గదులకూ విడివిడి దర్బాన్‌లు, ఇద్దరి చేతుల్లోనూ ఒకే తప్పు చీటీ. చీటీ ఒక్కచోట ఉండి ఉంటే ఒక్కసారి దిద్దితే పోయేది. ప్రతి గది లోపల విడిగా కుట్టి ఉంది కాబట్టి ప్రతి గదికీ వెళ్లి విప్పాలి. ప్రపంచంలో అలాంటి హాళ్లు వేలల్లో ఉన్నాయి. తమ హాల్లో ఆ గది ఉందని కూడా తెలియని యజమానులున్నారు.

తర్వాత ఏమైంది? 2011 అక్టోబర్‌లో ఇదే దారిన ఒక వర్మ్, అంటే తనంతట తాను పాకే ప్రోగ్రామ్, సర్వర్ల మీద పడింది. మరమ్మతు వచ్చి అప్పటికే ఏడాదిన్నర. 2016లో శామ్‌శామ్ అనే ముఠా దిగింది. ఫైళ్లకు తాళం వేసి, చాబీకి డబ్బు అడగడం వాళ్ల ధంధా. మొదట్లో వాళ్లు లోపలికి రావడానికి వాడుకున్నది మరమ్మతు చేయని జేబాస్ సర్వర్లనే. అమెరికాలో ఆస్పత్రులు దెబ్బతిన్నాయి. ఆ ఏప్రిల్‌లో సిస్కో కంపెనీ టాలోస్ బృందం వెతికితే సుమారు 1,600 ఐపీ అడ్రసుల్లో 2,100కు పైగా దొంగ దర్వాజాలు అప్పటికే పెట్టి ఉన్నాయి. వాటిలో స్కూళ్లు లైబ్రరీ పుస్తకాల లెక్క చూసుకునే సర్వర్లు కూడా ఉన్నాయి. బచ్చాలు ఏ కథల పుస్తకం తీసుకెళ్లారో రాసుకునే యంత్రం. 2018 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఇద్దరు ఇరానీయుల మీద కేసు పెట్టినప్పుడు చెప్పిన లెక్క: 200కు పైగా బాధితులు, 60 లక్షల డాలర్లకు పైగా వసూలు, 3 కోట్ల డాలర్లకు పైగా నుక్సాన్. అదంతా జేబాస్ వల్లే కాదు. తర్వాత వాళ్లు వేరే దారులు పట్టారు. కానీ మొదటి గడప ఇదే.

ఆస్పత్రిలో కంప్యూటర్ ఆగిపోవడం అంటే ఏమిటో డయాలసిస్‌కు తీసుకెళ్లే కొడుకులకు, రిపోర్టుల కోసం కౌంటర్ ముందు నిలబడే అమ్మీలకు చెప్పక్కర్లేదు. ఇది ఇంజినీర్ల ఇంటి మామ్లా అని నేను ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

ఇక్కడ ఉర్దూ నాకు సాయపడింది. ఇంగ్లీషులో అథెంటికేషన్, ఆథరైజేషన్ అని రెండు మాటలు ఒకేలా చెవిన పడతాయి. పిల్లలు ఇంటర్వ్యూల్లో తికమకపడతారు. మనకు పెహచాన్, ఇజాజత్ అని రెండు వేరు వేరు మాటలున్నాయి. నువ్వెవరు అన్నది పెహచాన్. నువ్వేం చేయొచ్చు అన్నది ఇజాజత్. ఇంటికొచ్చిన చుట్టాన్ని పోల్చుకుంటాం, కూర్చోబెడతాం, చాయ్ ఇస్తాం. అంతమాత్రాన బీరువా చాబీ ఇవ్వం. హిఫాజత్‌ను ముక్కలు చేయాలంటే మొదటి కోత ఇక్కడే పడాలి.

జావాలో ఈ ఆలోచన కొత్తది కాదు. 1995లో సన్ కంపెనీ ఇంజినీర్లు యూనిక్స్ కోసం ప్యామ్ అనే పద్ధతి ప్రతిపాదించారు. పెహచాన్ అడిగే పనిని ప్రోగ్రామ్ నుంచి బయటికి తీసి, మార్చుకోగల ముక్కలుగా చేయడం దాని సారాంశం. అదే నమూనాతో జావాకు జాస్ వచ్చింది. అందులో ముక్కలను వరసగా పేర్చి, ఒక్కొక్కదాని మీద ఒక మాట రాస్తారు. రిక్వైర్డ్ అంటే ఇది తప్పకుండా పాస్ కావాలి, అయినా కాకపోయినా మిగతావాళ్లను కూడా అడుగు. రిక్విజిట్ అంటే ఇక్కడ ఫెయిలైతే అక్కడితో ఆపేయ్. సఫీషియెంట్ అంటే ఇది పాస్ అయితే చాలు, కిందివాళ్లను అడగక్కర్లేదు. ఆప్షనల్ అంటే అయితే అయింది, లేకపోతే లేదు.

నాలుగు మాటలే. కానీ వరస మారిస్తే తలరాత మారిపోతుంది. ‘చాలు’ అనే ముక్కను పైన పెట్టి, ‘తప్పనిసరి’ ముక్కను దాని కింద పెట్టారనుకోండి. పైవాడు సరే అన్న క్షణాన కిందివాడిని ఎవరూ అడగరు. ఫైల్లో ‘తప్పనిసరి’ అని రాసి ఉంటుంది, చూసినవాళ్లకు భరోసా కలుగుతుంది, ఆ తప్పనిసరి దర్బాన్ మాత్రం కుర్చీలో కునుకు తీస్తుంటాడు. కాబట్టి ముక్కలు చేస్తేనే అంతా బాగుపడుతుందని నేను అనడం లేదు. ముక్కల్ని ఎలా కలిపామన్నది ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా చదవగలగాలి. అది లేని మాడ్యులర్ ఉత్త చెల్లాచెదురు.

జేబాస్ తర్వాత వైల్డ్‌ఫ్లై అని పేరు మార్చుకుంది. అందులోనూ కొన్నేళ్లు ఒక విడ్డూరం నడిచింది. సర్వర్‌ను నడిపే అధికారులకు ఒక హిఫాజత్ పద్ధతి, లోపల ప్రోగ్రామ్‌లు వాడేవాళ్లకు పూర్తిగా వేరే పద్ధతి. రెండు రిజిస్టర్లు. కొత్త మనిషిని చేర్చే స్క్రిప్ట్ నడిపితే మొదటి ప్రశ్నే ‘ఇతను మేనేజ్‌మెంట్ మనిషా, అప్లికేషన్ మనిషా’ అని. 2017లో వచ్చిన వైల్డ్‌ఫ్లై 11తో ఎలిట్రాన్ అనే కొత్త వ్యవస్థ చేరింది. ఎలిట్రాన్ అంటే పేడపురుగు లాంటి పురుగుల మెత్తటి రెక్కల మీద ఉండే గట్టి మూత. పేరు నాకు నచ్చింది. రెక్క వేరు, మూత వేరు. రెక్క ఎగరాలి, మూత కాపాడాలి.

ఇందులో రెండు రిజిస్టర్లకూ ఒకే పద్ధతి. పని ఇలా పంచారు. మనుషుల వివరాలు ఉండే చోటు రెల్మ్. అది మామూలు ఫైలు కావచ్చు, డేటాబేస్ కావచ్చు, కంపెనీ ఎల్‌డ్యాప్ డైరెక్టరీ కావచ్చు. ఆ వివరాల నుంచి ఇతని హోదా ఏమిటో తేల్చేది ఇంకో ముక్క. ఆ హోదాకు ఏ ఇజాజత్ ఇవ్వాలో చెప్పేది మరో ముక్క. డేటాబేస్ పాస్‌వర్డ్‌లను కాన్ఫిగరేషన్ ఫైల్లో అందరికీ కనపడేలా రాయకుండా దాచే తిజోరీ ఒకటి. పాత పద్ధతిని 2021లో వైల్డ్‌ఫ్లై 25 నుంచి పూర్తిగా తీసేశారు. నాలుగేళ్లు రెండూ పక్కపక్కన నడిచాయి. ఆ వ్యవధి ఇవ్వడం మంచిదే, తీసేయడం ఇంకా మంచిది.

నా భాంజా ఈ పనిలోనే ఉన్నాడు. ఈ మాటంటే వాడికి కోపం వచ్చింది. “మామూ, మీరు పేపర్లో చదివి మాట్లాడుతున్నారు. పాతదైతే ఒక్క చోట నాలుగు పంక్తులు రాస్తే అయిపోయేది. ఇప్పుడు రెల్మ్ పెట్టాలి, డొమైన్ పెట్టాలి, ఫ్యాక్టరీ పెట్టాలి, దాన్ని మళ్లీ అప్లికేషన్‌కు తగిలించాలి. రాత్రి పన్నెండింటికి రిలీజ్ పెట్టుకుని ఇవన్నీ ఎవరు చూస్తారు?”

“మరి ఏం చేస్తారు బేటా?”

“ఏముంది, టెస్టింగ్‌లో పని అవ్వకపోతే సెక్యూరిటీ తీసేసి నడిపిస్తారు. తర్వాత పెడదాం అంటారు. అదే ఫైలు ప్రొడక్షన్‌కు పోతుంది.”

ఏ కంపెనీ అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. వాడి శికాయత్‌లో నిజం ఉంది. ముక్కలు పెరిగితే నేర్చుకోవాల్సింది పెరుగుతుంది, తగిలించడం మరిచిపోయే చోట్లు పెరుగుతాయి. కానీ వాడు చెప్పిన జబ్బుకు పాత పద్ధతి మందు కాదు. నాలుగు పంక్తులు తీసేయడం పాతదాంట్లో ఇంకా సులువు. హిఫాజత్ విడిగా ఉంటే ఒక పని సాధ్యమవుతుంది. ప్రోగ్రామ్ రాసేవాడి చేతికి ఆ ముక్కలు ఇవ్వకుండా ఉండొచ్చు. టెస్టింగ్ సర్వర్‌కు ఒక జోడీ, అసలు సర్వర్‌కు ఒక జోడీ. అర్ధరాత్రి రిలీజ్ చేసే పిల్లాడు తెచ్చేది ప్రోగ్రామ్ మాత్రమే, దర్బాన్ అక్కడే ఉంటాడు. ప్రోగ్రామ్‌తో పాటే దర్బాన్ కూడా జిప్ ఫైల్లో వచ్చే ఏర్పాటులో అది కుదరదు.

అయినా ఒక హద్దు ఉంది, దాన్ని దాచను. ఎంత గొప్ప ఎలిట్రాన్ పెట్టినా, ‘ఈ పేజీకి కాపలా కావాలి’ అని ప్రోగ్రామ్ రాసినవాడు చెప్పకపోతే ఆ పేజీ ఊరందరికీ తెరిచే ఉంటుంది. ఏ గదిలో దుల్హన్ నగలున్నాయో హాలువాడికెలా తెలుస్తుంది? అందుకే నా లెక్కలో పెహచాన్ పూర్తిగా సర్వర్ పని. ఇజాజత్‌లో సగం ప్రోగ్రామ్ రాసినవాడి పని. ఆ సగాన్ని కూడా సర్వర్ మీదికి తోసేయాలనే మాడ్యులర్ భక్తులతో నాకు పేచీ ఉంది.

ఇంకో మాట, బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనది. ముక్క తగిలించడం మరిచిపోతే దర్వాజా మూసి ఉండాలా, తెరిచి ఉండాలా? మూసి ఉండాలి. ఎవరైనా లోపలికి రాలేకపోతే ఫోన్ చేసి గొడవ పెడతారు, గంటలో బాగవుతుంది. రాకూడనివాడు వస్తే ఫోన్ చేయడు. 2013లో సర్వ్‌లెట్ 3.1 ప్రమాణంలో ఇలాంటి ఒక పంక్తి చేర్చారు. నేను పేరు చెప్పని అడిగే తీరులన్నిటినీ నిరాకరించు అని. గెట్, పోస్ట్ కథకు అది సరైన మందు. కానీ ఆ పంక్తి కూడా మనమే రాసుకోవాలి, దానంతట అది ఉండదు. పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయన్న భయం అర్థం చేసుకోగలను. సమ్మతించలేను.

టామ్‌క్యాట్ సంగతి కూడా చూడండి. దాని మేనేజర్ పేజీకి పాస్‌వర్డ్ లేకుండా పోతే, యూజర్‌ను ఎలా చేర్చాలో నమూనా చూపిస్తుంది. ఆ నమూనాలో పాస్‌వర్డ్ ‘సీక్రెట్’ అనే ఇంగ్లీషు మాటే, మొదటి ‘ఈ’ బదులు 3 అంకె. నమూనా అంటే నమూనా. మనవాళ్లు దాన్నే యథాతథంగా దించేస్తారు. దొంగల జాబితాల్లో అది ఎప్పుడో చేరింది. ఈ ఆదత్‌కు ఏ మాడ్యూలూ మందు కాదు, నేర్పే ఉస్తాద్‌లే మార్చాలి. మన పిల్లలు డబ్బు కట్టే కోర్సుల్లో సర్వర్ ఇన్‌స్టాల్ చేయడం, ప్రోగ్రామ్ ఎక్కించడం రెండు రోజుల్లో చెబుతారు. సెక్యూరిటీ రియల్మ్ అన్న పాఠం ఆఖర్న ఉంటుంది. ఆఖరి పాఠం ఎప్పుడూ టైం లేక ఎగిరిపోతుంది.

ఇక మనలో కమిటీల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. స్కూలు నడిపేవాళ్లు, స్కాలర్‌షిప్ ట్రస్టులు, చిన్న ఆస్పత్రులు ఇప్పుడు సొంత సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్నారు. అందులో మన పిల్లల ఆధార్, ఆమదనీ సర్టిఫికెట్, అమ్మీ బ్లడ్ రిపోర్ట్ అన్నీ ఉంటాయి. డెమో చూపించినప్పుడు రంగులు బాగున్నాయా అని చూసి సంతకం పెట్టకండి. చేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, మన ఆఫీసులో ఉద్యోగం మానేసిన మనిషి పేరు ఎన్ని చోట్ల తీసేయాలని అడగండి. ఒక్క చోట అంటే, ఆ చోటు చూపించమనండి. చూడాలి సార్, నాలుగైదు చోట్ల ఉండొచ్చు అంటే, ఆఖరి వాయిదా డబ్బు ఆపి ఉంచండి.